కోతల సీజన్‌కి వెళ్తున్న మేనకోడలికి

చి. అమ్మలుకి, మావయ్య ఆశీస్సులు.

వైన్ తయారీ నేర్చుకోవడానికి రెండు చోట్ల నుంచి ఇంటర్న్‌షిప్ పిలుపు వచ్చిందన్నావు. ఫ్రాన్స్‌లో జూన్‌కి, న్యూజీలాండ్‌లోని మార్ల్‌బరోలో మార్చికి. ఫ్రాన్స్ పేరు చూసి ఊగిసలాడుతున్నట్టున్నావు. మార్ల్‌బరోకే వెళ్ళు. జూన్‌లో ఫ్రాన్స్ ద్రాక్షతోటల్లో తీగలు సర్దడం, ఆకులు తీయడం లాంటి పని దండిగా ఉంటుంది గానీ వైనరీలోకి, అంటే వైన్ తయారుచేసే చోటికి, కొత్త రసం రాదు. అక్కడ కోతలు ఎక్కువగా సెప్టెంబరులో. నువ్వు చదివేది మైక్రోబయాలజీ, నీకు కావలసింది పులుస్తున్న ట్యాంకు. మార్చి, ఏప్రిల్‌లలో అది దక్షిణార్ధగోళంలోనే దొరుకుతుంది.

మార్ల్‌బరోలో సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్షదే రాజ్యం. చాలావరకు మెషీన్లతో కోస్తారు, పండు చల్లగా ఉంటుందని రాత్రిపూట కూడా కోస్తారు. అందుకే సీజన్‌లో పెద్ద వైనరీలు 24 గంటలూ నడుస్తాయి. 12 గంటల షిఫ్టు, అందులో నైట్ షిఫ్టు కూడా పడుతుందని ముందే మనసులో పెట్టుకో. నిద్రని మాత్రం బేరం పెట్టకు. నిద్రలేని మనిషి తప్పు వాల్వు తిప్పితే ఒక ట్యాంకు రసం నేలపాలవుతుంది.

గ్లాసు పట్టుకుని రుచులు చెప్పొచ్చని వెళ్ళేవాళ్ళు మొదటి వారంలోనే నీరుగారిపోతారు. నీ చేతిలో ఎక్కువసేపు ఉండేది నీళ్ళ హోసు. ట్యాంకు కడగాలి, పంపు కడగాలి, పండు పిండే ప్రెస్ కడగాలి, నేల కడగాలి. ఇంకో లోడు రాగానే మళ్ళీ మొదటికి. దీన్ని చిన్నచూపు చూడకు. ట్యాంకు గోడకి పట్టిన టార్ట్రేట్ స్ఫటికాలు (ద్రాక్షలోని ఆమ్లం నుంచి వచ్చే ఉప్పు) కాస్టిక్ సోడాకి బాగా కరుగుతాయి. తర్వాత నీళ్ళు, ఆ తర్వాత సిట్రిక్ యాసిడ్, చివర్లో మళ్ళీ నీళ్ళు. ఈ వరస ఎందుకో నీ చదువే నీకు చెబుతుంది. సోడాని నీళ్ళలో వేయాలి, సోడా మీద నీళ్ళు పోయకూడదు. కళ్ళద్దాలూ గ్లవ్స్ లేకుండా దాని దగ్గరికే వెళ్ళకు, పక్కవాడు వెళ్ళినా సరే.

ఇప్పుడు చెప్పబోయే దాంట్లో నేను చాదస్తంగానే ఉంటాను. ఒక లీటరు రసం పూర్తిగా పులిసేసరికి 40 లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది గాలికంటే బరువు, వాసన ఉండదు. ట్యాంకు అడుగునా, గుంటల్లోనూ చేరి కూర్చుంటుంది. ఖాళీ చేసిన ట్యాంకులో మిగిలిన తొక్కలు తోడమని ఎవరైనా చెబితే, లోపలి గాలిని మీటరుతో పరీక్షించారా, బయట మనిషి నిలబడ్డాడా అని అడుగు. రెండూ లేకపోతే దిగను అని చెప్పు, కొత్తదానివని మొహమాటపడకు. లోపల ఎవరైనా పడిపోయి కనిపించినా నువ్వు దూకకు, కేకలు వేసి సాయం పిలువు. ఇలాంటి ప్రమాదాల్లో కాపాడబోయిన రెండో మనిషి కూడా పోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. పినో నువార్ అనే నల్ల ద్రాక్ష పులిసే మూతలేని తొట్లలో పైకి తేలిన తొక్కల్ని కిందికి నొక్కేటప్పుడు కూడా తల లోపలికి వంచకు.

నీకు నచ్చే పని రోజూ బ్రిక్స్, అంటే రసంలో చక్కెర ఎంతుందో, చూడటం. సాంపుల్ తీసిన వెంటనే హైడ్రోమీటర్ (రసంలో తేలుతూ సాంద్రత చూపే గాజు గొట్టం) వేసేయకు. పులిసే రసంలో గ్యాస్ బుడగలు దానికి అంటుకుని పైకి లేపుతాయి, చక్కెర ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. సాంపుల్‌ని బాగా గిలకొట్టి గ్యాస్ పోయాక చదువు, పక్కనే ఉష్ణోగ్రత రాయి. చివరికొచ్చేసరికి అంకె సున్నా దాటి మైనస్‌లోకి దిగుతుంది. కంగారు పడకు, ఆల్కహాల్ నీళ్ళకంటే తేలిక కాబట్టి అలా వస్తుంది. నిన్నటికీ ఇవాళ్టికీ అంకె కదలకపోతే మాత్రం ఆ మాట వైన్‌మేకర్‌కి వెంటనే చెప్పు. ఈస్ట్ ఆగిపోయిందేమోనని వాళ్ళు భయపడేది అక్కడే. నీ సొంత నోట్‌బుక్‌లో కూడా రాసుకో, ఏ ట్యాంకు, ఏ రోజు, ఎంత, ఏం వాసన వచ్చింది అని. తిరిగొచ్చి రిపోర్టు రాసేటప్పుడు ఆ నోట్‌బుక్కే నీకు దిక్కు.

మీ అమ్మ టెన్షన్ నాకు తెలుసు. అక్కతో నేను మాట్లాడతాను. వైనరీలో రుచి చూసి ఉమ్మేయడమే పద్ధతి, రోజుకి అన్ని సాంపుల్స్ మింగితే ఎవరూ పని చేయలేరు. అస్సలు నోట పెట్టనన్నా ఎవరూ బలవంతం చేయరు, వాసన చూసి కూడా చాలా నేర్చుకోవచ్చు.

బూట్ల సంగతి. నీ పాత బూట్లకి మట్టి ఉంటే బ్రష్‌తో కడిగి ఆరబెట్టి పెట్టుకో, విమానంలో ఇచ్చినా ఆన్‌లైన్‌లో నింపినా డిక్లరేషన్‌లో వాటి గురించి తప్పకుండా రాయి. రాయకుండా పట్టుబడితే న్యూజీలాండ్‌లో అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా వేస్తారు. మట్టితో పాటు పురుగులు, తెగుళ్ళు వస్తాయన్న వాళ్ళ భయానికి కారణం ఉంది. 1860లలో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే చిన్న పురుగు ఫ్రాన్స్ ద్రాక్షతోటల్ని చాలావరకు నాశనం చేసింది. పాదాలు రోజంతా తడుస్తాయి కాబట్టి వాటర్‌ప్రూఫ్ గంబూట్లు అక్కడే కొనుక్కో, ఊలు సాక్సులు మాత్రం ఎక్కువ జతలు పట్టుకెళ్ళు.

టూరిస్టు వీసా మీద వచ్చేయ్, ఇక్కడ చూసుకుందాం అని ఎవరైనా అంటే ఆ మాట అక్కడితో ఆపేయ్. ఆఫర్ లెటర్ వచ్చాక సంతకం పెట్టే ముందు నాకు పంపు. గంటకి ఎంత, బస అద్దె జీతంలో కోస్తారా, నైట్ షిఫ్టు అయ్యాక గదికి ఎలా చేరాలి, ఈ మూడూ అందులో స్పష్టంగా ఉన్నాయో లేదో చూస్తాను. లేకపోతే వాళ్ళకి ఏమని రాయాలో ఇద్దరం కూర్చుని రాద్దాం.

మావయ్య