పెరిటోనైటిస్ అన్నారు, కానీ నొప్పి తగ్గింది. ఆపరేషన్ తప్పదా?

కావలిలో స్కాన్ తీసి మీ నాన్నగారికి అపెండిక్స్ పగిలి పెరిటోనైటిస్ అయిందని, వెంటనే నెల్లూరు తీసుకెళ్లమని చెప్పారు, ఈలోపు నొప్పి తగ్గింది కదా మందులతో సరిపోదా అని మీరు అడిగారు. ముందు బయలుదేరండి, మిగతాది దారిలో చదవండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

కడుపు లోపలి గోడకీ, పేగుల మీదా పల్చటి పొర ఒకటి ఉంటుంది, అదే పెరిటోనియం. మొత్తం పరిస్తే దాదాపు మన ఒంటి చర్మమంత వస్తుంది. అపెండిక్స్ పగిలినా, అల్సర్‌కి చిల్లు పడినా, టైఫాయిడ్ ముదిరి పేగుకి రంధ్రం పడినా, లోపలుండాల్సినవన్నీ ఈ పొర మీద పడతాయి. అలా పొర వాచడమే పెరిటోనైటిస్. అంత పెద్ద పొర వాచిందంటే ఒంట్లోని నీరు చాలా అక్కడికే ఊరుతుంది, బీపీ పడిపోతుంది, క్రిములు రక్తంలోకి వెళ్తాయి.

మా మేనమామది కందుకూరు వైపు పల్లె. మోకాళ్ల నొప్పులకని ఏళ్ల తరబడి నొప్పి గోళీలు మింగేవాడు, చాలాసార్లు పరగడుపునే. ఒకరోజు తెల్లవారుజామున కడుపులో కత్తి దిగినట్టు నొప్పి. గ్యాసేలే అని సోడా తాగించారు. మధ్యాహ్నానికి తగ్గిందన్నాడు, ఇంట్లో అందరికీ ప్రాణం కుదుటపడింది. కానీ కడుపు మీద చెయ్యి వేస్తే గట్టిగా బిగుసుకుపోయి ఉంది, మనిషి కదలడు, దగ్గితే అల్లాడిపోతున్నాడు, ఒంగోలు తీసుకెళ్తుంటే ప్రతి గతుక్కీ కేక పెట్టాడు. అక్కడ నిల్చోబెట్టి ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల కింద, లివర్ పైన గాలి కనిపించింది. జీర్ణాశయానికి చిల్లు పడిందని అర్థం. ఆ రాత్రే కడుపు తెరిచి, చిల్లు మూసి, లోపలంతా సెలైన్‌తో కడిగి, పైపులు పెట్టారు. బతికాడు.

మరి మధ్యాహ్నం నొప్పి ఎందుకు తగ్గింది? వాచిన పొర నుంచి ఊరే నీటితో యాసిడ్ పల్చబడుతుంది, అందుకని కొన్ని గంటలు తేలిగ్గా అనిపిస్తుంది. అపెండిక్స్ పగిలినప్పుడు దాన్లో ఒత్తిడి పోయి నొప్పి తగ్గుతుంది. చీము మాత్రం లోపల పాకుతూనే ఉంటుంది. అందుకే నొప్పి ఒక్కటే చూడకండి. నాడి వేగంగా కొట్టుకోవడం, మూత్రం తగ్గడం, చేతులు చల్లబడటం, మాట తడబడటం, ఇవి ఏవి కనిపించినా డాక్టర్‌కి చెప్పండి.

మందులతో తగ్గే రకం లేకపోలేదు. లివర్ పాడై కడుపులో నీరు చేరినవాళ్లకీ, పొట్టలో పైపుతో డయాలసిస్ చేసుకునేవాళ్లకీ వచ్చే ఇన్ఫెక్షన్‌కి చాలావరకు యాంటీబయాటిక్స్‌తోనే వైద్యం చేస్తారు. అపెండిక్స్ చుట్టూ చీము ఒక్కచోటే గడ్డకట్టి ఆగితే మందులిచ్చి, సూదితో తీసి చూస్తారు. కానీ కడుపంతా పాకితే ఆపరేషన్ వాయిదా వేసే వ్యవహారం కాదు, ఆ తేడా సర్జన్ చూసి చెప్పాల్సిందే.

వెళ్లేలోపు నోటికి ఏమీ పెట్టకండి, మంచినీళ్లు కూడా. ఆముదం తాగించడం, ఎనిమా ఇవ్వడం, వేడినీళ్ల కాపడం అసలే వద్దు, పెద్దవాళ్లు ఎంత చెప్పినా. స్కాన్ ఫిల్ములు, రోజూ వాడే గోళీల అట్టలు, చివరిసారి ఎప్పుడు తిన్నారో రాసిన చీటీ పట్టుకెళ్లండి. షుగర్ ఉంటే, రక్తం పల్చబడే మందు వేసుకుంటుంటే ఎమర్జెన్సీలో అడుగు పెట్టగానే చెప్పండి.