ప్రవాసం ఒక చైనీస్ రచయిత్రి రాతను ఎలా మారుస్తుంది?

ఝాంగ్ అయ్‌లింగ్‌నే చూడండి. 1943లో షాంఘైలో ‘బంగారు కాడి’ అనే కథ రాసేనాటికి ఆమెకు 23 ఏళ్లు. అందులో ఎక్కడ చూసినా ఉపమానాలే. 1952లో హాంకాంగ్, 1955లో అమెరికా చేరింది. (ఎవరూ తరిమెయ్యలేదు, ఉండలేక వెళ్లింది. నా లెక్కలో అదీ ప్రవాసమే.)

అమెరికా గురించి రాస్తుందనుకుంటాం కదా, ఆ ‘బంగారు కాడి’ కథనే మళ్లీ తవ్వుకుంది. అదే ఇతివృత్తాన్ని ఇంగ్లీషులోనూ చైనీస్‌లోనూ నవలగా మలిచింది. ఇంగ్లీషుది 1967లో లండన్‌లో అచ్చయింది, పెద్దగా ఆదరణ దొరకలేదు. వాక్యం మాత్రం పొదుపుగా, పొడిగా మారింది. కొందరికి అది క్షీణత, నాకు పదును.

ఒక పాత చైనీస్ నవలలోని సూజౌ (షాంఘై దగ్గరి నగరం) యాస సంభాషణలను మాండరిన్‌లోకి, అంటే ప్రామాణిక చైనీస్‌లోకి, మార్చడానికి ఏళ్లు వెచ్చించింది. చుట్టూ వినబడని భాషను కాగితం మీదే వినాలి మరి.