గేమ్‌లో టీమ్ నడిపే అమ్మాయి నిజం పిట్‌వాల్ దాకా వెళ్లగలదా?

ఒక నాన్నగారు రాసిన ఉత్తరం ఇది, కాస్త కుదించి ఇస్తున్నాను: “మా అమ్మాయికి 17 ఏళ్లు. మ్యాథ్స్ బాగా వస్తుంది, ఫిజిక్స్ పరవాలేదు. రెండేళ్లుగా మోటార్‌స్పోర్ట్ మేనేజర్, ఎఫ్1 మేనేజర్ అనే గేమ్‌లు ఆడుతోంది, రోజుకి మూడు గంటలకి తక్కువ కాదు. పోనీ కారు నడిపే గేమ్ కూడా కాదు, తెర మీద చుక్కలు తిరుగుతుంటే చూస్తూ కూర్చుంటుంది. ఇప్పుడు ఫార్ములా వన్‌లో స్ట్రాటజీ ఇంజినీర్ అవుతానంటోంది. పోయిన నెల ల్యాప్‌టాప్ తీసి బీరువాలో పెట్టేశాను. నేను చేసింది తప్పా? ఆ గేమ్‌లకీ ఆ ఉద్యోగానికీ అసలు సంబంధం ఉందా? ఏ కోర్సులో చేర్పించాలి?”

సార్, ముందు ఆ ల్యాప్‌టాప్ బయటికి తీయండి. గేమ్ కోసం కాదు, కింద నేను మీ అమ్మాయికి ఒక పని చెప్పబోతున్నాను, దానికి కావాలి.

మీకు చికాకు తెప్పించిన ఆ చుక్కల గురించే మొదలుపెడతాను. ఒక్కో చుక్క ఒక్కో కారు. ఏ కారుకీ ఏ కారుకీ మధ్య ఎన్ని సెకన్ల తేడా ఉంది, ఎవరి టైర్లు ఎన్ని ల్యాప్‌లు తిరిగాయి, ఇప్పుడు పిట్‌లోకి (టైర్లు మార్చే చోటికి) పిలిస్తే మన కారు మళ్లీ ట్రాక్ మీదికి వచ్చేసరికి ఎవరి వెనకాల పడుతుంది, ఇదంతా ఆ చుక్కల్లోనే ఉంటుంది. నిజం రేసులో పిట్‌వాల్ మీద, అంటే ట్రాక్ పక్కన టీమ్ కూర్చునే చోట, ఎప్పుడు టైర్లు మార్చాలో తేల్చే స్ట్రాటజీ ఇంజినీర్లు కూడా కళ్లముందు దూసుకుపోయే కార్లని పెద్దగా చూడరు, స్క్రీన్లే చూస్తారు. కాబట్టి ఆ చుక్కల్ని చూడటంలో మీ అమ్మాయి తప్పేమీ లేదు.

ఈ రకం గేమ్‌లు నిన్న మొన్న పుట్టినవి కూడా కాదు. 1995లోనే మైక్రోప్రోస్ సంస్థ గ్రాండ్ ప్రి మేనేజర్ తెచ్చింది. మోటార్‌స్పోర్ట్ మేనేజర్ 2014లో మొబైల్ గేమ్‌గా మొదలై, 2016లో సెగా ద్వారా కంప్యూటర్లకి వచ్చింది. ఎఫ్1 మేనేజర్‌ని ఫ్రాంటియర్ అనే బ్రిటిష్ సంస్థ 2022 నుంచి వరసగా మూడేళ్లు విడుదల చేసి, తర్వాత ఆపేసింది. ఈ గేమ్‌లలో స్టీరింగ్ మన చేతిలో ఉండదు. బడ్జెట్, డ్రైవర్ల కాంట్రాక్టులు, కొత్త పార్టుల డిజైన్, టైర్ల ఎంపిక, పిట్ స్టాప్, అన్నీ మన నెత్తిన ఉంటాయి. ఫార్ములా వన్‌లో 2021 నుంచి ఖర్చు మీద పరిమితి ఉంది. ఛాంపియన్ టీమ్‌కి విండ్ టన్నెల్ (కారు మీద గాలి ప్రభావాన్ని పరీక్షించే సొరంగం) వాడకాన్ని మామూలు కోటాలో 70 శాతానికే కోసి, ఒక్కో స్థానం దిగేకొద్దీ అయిదు శాతం చొప్పున పెంచుతూ పదో స్థానం టీమ్‌కి 115 శాతం ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఇలాంటి సంగతులు ఆ అమ్మాయికి ఈపాటికి నోటికి వచ్చేసి ఉంటాయి, అడిగి చూడండి. ఆటలోనే నేర్చుకున్నా అది నిజమైన జ్ఞానమే.

మరి సంబంధం ఉన్నట్టేనా అంటే, ఉంది, కానీ తలకిందులుగా ఉంది.

గేమ్‌లో డ్రైవర్ మీద క్లిక్ చేస్తే కార్నరింగ్ 88, బ్రేకింగ్ 85 అని అంకెలు వచ్చేస్తాయి. టైర్ ఎంత శాతం మిగిలిందో పక్కనే పట్టీలాగా కనిపిస్తుంది. మీ అమ్మాయి ఆ అంకెలు చూసి నిర్ణయం తీసుకుంటుంది, బాగానే తీసుకుంటుందేమో కూడా. నిజం టీమ్‌లో ఆ అంకె ఎవరూ ఇవ్వరు. సెన్సార్లు, పాత రేసుల డేటా, డ్రైవర్ రేడియోలో చెప్పే రెండు ముక్కలు కలిపి దాన్ని తవ్వి తీయాలి, తీసినా అది కచ్చితంగా ఉండదు. ఆ తవ్వకమే అక్కడ ఉద్యోగం. అంటే గేమ్ ఎక్కడ మొదలవుతుందో, అక్కడికి చేరడానికే నిజం ఇంజినీర్‌కి వారమంతా పడుతుందన్నమాట.

ఒక ఉదాహరణ చెప్తాను, ఇది మీ అమ్మాయికి చదివి వినిపించండి. ఒక డ్రైవర్ వరసగా ఇరవై ల్యాప్‌లు ఒకే టైమ్‌లో తిరిగాడనుకుందాం. చూడగానే ఏమనిపిస్తుంది? టైర్లు అసలు అరగలేదనిపిస్తుంది. కానీ ఆ కారు ల్యాప్‌కి కిలోన్నర నుంచి రెండు కిలోల ఇంధనం కాలుస్తోంది. ఇరవై ల్యాప్‌లకి ముప్పై నుంచి నలభై కిలోలు తగ్గుతుంది. పది కిలోల బరువు తగ్గితే ల్యాప్ సుమారు 0.3 సెకన్లు వేగం అవుతుందని ఒక మోటు లెక్క ఉంది (ట్రాక్‌ని బట్టి మారుతుంది). అంటే ఆ కారు ఈపాటికి ఒక సెకను దాకా వేగం పెరిగి ఉండాలి, పెరగలేదు, ఆ సెకను ఎవరు తినేశారు? టైర్లు! పైకి నిలకడగా కనిపించే ఆ టైమ్ కింద టైర్ ఒక సెకను చచ్చిపోయి ఉంది. ఇప్పుడు పక్క టీమ్ కొత్త టైర్లు వేసుకుని ముందుగా బయటికి వచ్చిందంటే ఆ తేడా వాళ్లకి ల్యాప్ ల్యాప్‌కీ లాభమే, దీన్నే అండర్‌కట్ అంటారు, ఆ మాట ఆ అమ్మాయికి తెలుసు. మరి ఆ ఇంధనం లెక్క తనంతట తాను ఎప్పుడైనా వేసిందా?

నేను చెప్పిన పని ఇదే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫాస్ట్‌ఎఫ్1 అని ఉచితంగా దొరికే లైబ్రరీ ఉంది, నిజం రేసుల ల్యాప్ టైమ్‌లు, ఎవరు ఏ టైర్ మీద ఉన్నారు అన్న వివరాలు అందులోంచి తెచ్చుకోవచ్చు. పైథాన్ రాకపోతే రెండు మూడు వారాల్లో ఇందుకు సరిపడా వస్తుంది, మ్యాథ్స్ బాగా వచ్చే పిల్లకి అదేం బ్రహ్మవిద్య కాదు. ఏదైనా ఒక రేసు, ఒక డ్రైవర్, ఒక స్టింట్ (ఒకే జత టైర్ల మీద తిరిగిన ల్యాప్‌లు) తీసుకోవాలి, ల్యాప్ టైమ్‌ల గ్రాఫ్ గీయాలి, ఇంధనం బరువు లెక్క తీసేయాలి, మిగిలిన గీత ఎంత వాలుగా ఉందో చూడాలి. ఆ తర్వాత అదే టైర్ మీద ఇంకో డ్రైవర్‌ది. అంతే, పెద్ద ప్రాజెక్టేం కాదు. కానీ గ్రాఫ్ గీయగానే గజిబిజి మొదలవుతుంది, ఒక ల్యాప్ ఉన్నట్టుండి రెండు సెకన్లు ఎక్కువ ఉంటుంది, ఇంకోటి సేఫ్టీ కార్ (ప్రమాదం జరిగినప్పుడు అందరినీ నెమ్మదింపజేసే కారు) వెనకాల తిరిగినది, ఇంకోచోట ముందు కారు గాలి దెబ్బకి నెమ్మదించాడు. “ఈ ల్యాప్‌లు లెక్కలోంచి తీసేయాలా, ఉంచాలా, తీసేస్తే ఏ కారణం చెప్పి తీసేయాలి?” అని మూడో రోజు తనే కొట్టుకుంటోందంటే, సార్, ఇక మీరు నిశ్చింతగా ఉండండి, ఆ పిల్లకి పట్టుకున్నది గేమ్ పిచ్చి కాదు. మూడో రోజుకి విసుగొచ్చి మూసేసి మళ్లీ గేమ్‌లోకి వెళ్లిపోయిందనుకోండి, అదీ జవాబే, తిట్టకండి. సినిమా ఇష్టపడే వాళ్లందరూ ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చోలేరు కదా.

ఇంకొక ప్రశ్న కూడా అడగండి, ఇది కాస్త ఇబ్బంది పెట్టే ప్రశ్న: రేసు చెడితే సేవ్ ఫైల్ వెనక్కి తిప్పి మళ్లీ ఆడుతున్నావా? చాలామంది ఆడతారు, నేనూ ఆడతాను, దాచుకోవడం దేనికి. కానీ అలా ఆడినంతకాలం ఈ గేమ్ నేర్పగల అసలు విద్య రాదు. 2019 బ్రెజిల్ రేసు చూడమనండి. సేఫ్టీ కార్ వచ్చింది, రెడ్ బుల్ టీమ్ డ్రైవర్ వెర్‌స్టాపెన్ మొదటి స్థానంలో ఉన్నాడు, టీమ్ అతన్ని పిట్‌లోకి పిలిచి ఆ స్థానాన్ని చేతులారా మెర్సిడెస్ డ్రైవర్ హామిల్టన్‌కి వదిలేసింది, కొత్త మెత్తటి టైర్లు వేసింది. రేసు మళ్లీ మొదలవగానే వెర్‌స్టాపెన్ హామిల్టన్‌ని దాటేసి గెలిచాడు. ఆ రోజు టీమ్ తరఫున పోడియం (విజేతల వేదిక) ఎక్కింది స్ట్రాటజీ ఇంజినీర్ హానా ష్మిట్జ్. ఒకవేళ దాటలేకపోయి ఉంటే? రీలోడ్ బటన్ లేదు. ముందంజలో ఉన్న కారుని ఎందుకు పిలిచావని మర్నాడు మీటింగ్‌లో అందరి ముందూ చెప్పుకోవాల్సి వచ్చేది. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో కాస్తయినా రుచి చూడాలంటే ఒక సీజన్ మొత్తం రీలోడ్ లేకుండా ఆడాలి, ప్రతి పిట్ స్టాప్‌కి ముందు ఎందుకు పిలుస్తున్నానో ఒక లైన్ రాసిపెట్టుకోవాలి, రేసయ్యాక చూసుకోవాలి. నిర్ణయం తప్పా, లేక నిర్ణయం సరైనదే అయినా అదృష్టం కలిసి రాలేదా అన్న తేడా అప్పుడే తెలుస్తుంది.

ఇక కోర్సు. హానా ష్మిట్జ్ చదివింది మెకానికల్ ఇంజినీరింగ్, కేంబ్రిడ్జ్‌లో. మెర్సిడెస్‌లో ఏళ్లపాటు స్ట్రాటజీ నడిపిన జేమ్స్ వౌల్స్ కంప్యూటర్ సైన్స్ చదివి, తర్వాత మోటార్‌స్పోర్ట్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చేశాడు, 2023లో విలియమ్స్ టీమ్ ప్రిన్సిపల్ (టీమ్ అధిపతి) అయ్యాడు. అంటే దారి ఒకటే కాదు. మెకానికల్, ఏరోస్పేస్, కంప్యూటర్ సైన్స్, మ్యాథ్స్ లేదా స్టాటిస్టిక్స్, వీటిలో ఏది తీసుకున్నా తలుపు మూసుకుపోదు. నేనైతే ఇంటర్నెట్‌లో కనపడే “మోటార్‌స్పోర్ట్ మేనేజ్‌మెంట్” డిగ్రీలో ఇప్పుడే చేర్చవద్దంటాను. పేరు ఆకర్షణీయంగా ఉంటుంది, కానీ మేనేజర్ కుర్చీలో ఉన్నవాళ్లని చూడండి, మెక్‌లారెన్‌లో ఆండ్రియా స్టెల్లా, హాస్‌లో అయావో కొమాట్సు, ఇద్దరూ ఇంజినీర్లుగా మొదలై పైకి వచ్చినవాళ్లే. మెర్సిడెస్ టోటో వోల్ఫ్ పెట్టుబడుల వ్యాపారం వైపు నుంచి వచ్చాడు, నిజమే, కానీ అది వేరే కథ, సొంత డబ్బుతో వాటా కొన్నవాడితో మనకి పోలిక ఎందుకు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు మాత్రం ఒకటి చూడండి: అక్కడ ఫార్ములా స్టూడెంట్ జట్టు ఉందా? విద్యార్థులే చిన్న రేసు కారు డిజైన్ చేసి, కట్టి, పోటీకి తీసుకెళ్తారు. కారు వేగానికే కాదు, డిజైన్ ఎందుకు అలా చేశారు, ఖర్చు ఎంతైంది, బిజినెస్ ప్లాన్ ఏంటి అన్నవాటికి కూడా మార్కులుంటాయి. గేమ్‌లో మీ అమ్మాయి చేసే పని మొత్తం ఇక్కడ నిజం బోల్టులతో, అలిగే స్నేహితులతో, రాని స్పాన్సర్లతో చెయ్యాలి. టీమ్‌లో తీసుకునేవాళ్లు ఒక అభ్యర్థి రెజ్యూమేలో గేమ్ గంటలు చూడరు, ఇది చూస్తారు.

ఇప్పుడు మీకు నచ్చని మాట. ఫార్ములా వన్‌లో 2026కి ఉన్నవి 11 టీమ్‌లు, ఒక్కో టీమ్‌లో స్ట్రాటజీ పని చేసేవాళ్లు కొద్దిమందే. టీమ్‌లలో ఎక్కువ భాగం ఇంగ్లండ్‌లో ఉన్నాయి కాబట్టి బయటి దేశం నుంచి వెళ్లేవాళ్లకి పని అనుమతి గొడవ అదనం. ఆ ఒక్క కుర్చీ మీదే జీవితం పెడితే దెబ్బ తింటారు. కానీ అదే లెక్క ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల రేసులు), ఎండ్యూరెన్స్ (గంటల తరబడి సాగే) రేసులు, అమెరికా ఇండీకార్‌లకీ కావాలి, టైర్ కంపెనీలకీ కావాలి. ఒక రేసుని కంప్యూటర్‌లో వేలసార్లు పరిగెత్తించి ఏ నిర్ణయం ఎక్కువసార్లు గెలిపిస్తుందో చూసే పద్ధతిని మాంటే కార్లో అంటారు. విమానాల షెడ్యూళ్లు, బీమా, సరుకు రవాణా వంటి చోట్ల కూడా ఇలాంటి లెక్కలే నడుస్తాయి. గేమ్‌లు తయారుచేసే వైపు వెళ్లాలని తనకి అనిపిస్తే అదీ మంచిదే, కాకపోతే పైన చెప్పానుగా, మూడేళ్లు నడిచిన సిరీస్ కూడా ఆగిపోతుంది.

రోజుకి మూడు గంటలు మాత్రం ఎక్కువే, దాని గురించి నేను మీ పక్షమే. బీరువా కాకుండా బేరం పెట్టండి: వారంలో గేమ్ ఆడే గంటల్లో సగం ఆ గ్రాఫ్‌కి. గ్రాఫ్ అయ్యాక నాకు పంపమనండి, అందంగా ఉండక్కర్లేదు, ఏ ల్యాప్‌లు తీసేసిందో, ఎందుకు తీసేసిందో కింద తన మాటల్లో రాస్తే చాలు, కోర్సు సంగతి అది చూసి మళ్లీ మాట్లాడదాం.