వైజాగ్ సబ్‌మెరైన్ మ్యూజియం పిల్లలతో, పెద్దవాళ్లతో చూడదగ్గదేనా? ఒక పూట సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ నుంచి పదేళ్ల బాబుతో, డెబ్బై దాటిన నాన్నగారితో వైజాగ్ వస్తున్నారు. బీచ్ రోడ్డులోని సబ్‌మెరైన్, విమానం, విశాఖ మ్యూజియం చూడాలని మీకుంది. "పాత ఇనుము చూడ్డానికి టికెట్ దేనికి" అని మీవారు అంటున్నారు. వెళ్లాలా వద్దా, వెళ్తే ఒక పూటలో అయిపోతుందా?

వెళ్లండి. ఒక పూట కాదు, ఒక రోజు పెట్టుకోండి. మాది కాకినాడ. అక్కావాళ్లు విశాఖలో ఉండటంతో ఈ మ్యూజియాలకి పిల్లలతోనూ వెళ్లాను, మా మామగారితోనూ వెళ్లాను, ఒక్కణ్నీ వెళ్లాను. ఏ ఊరు వెళ్లినా అక్కడి మ్యూజియం చూడందే నాకు ఆ ఊరు చూసినట్టుండదు. అందులోనూ యుద్ధానికి సంబంధించినవంటే మరీ ఆసక్తి. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

మీవారి మాటకి కారణం లేకపోలేదు. చాలామంది నేరుగా సబ్‌మెరైన్ దగ్గర దిగుతారు. క్యూలో నిలబడి, లోపల గబగబా నడిచి, బయటికొచ్చి ఫొటో దిగి, మొక్కజొన్న పొత్తు తింటూ ఇసుకలోకి వెళ్లిపోతారు. అలా చూస్తే అది పాత ఇనుముగానే మిగిలిపోతుంది. ఈ మూడు నాలుగు చోట్లనీ ఒక వరుసలో చూడాలి. అప్పుడు ఒక ఊరి కథ, ఆ ఊరు సముద్రం వైపు నుంచి ఎలా దెబ్బతిని ఎలా నిలబడిందో ఆ కథ, మొదటి నుంచి చివరి దాకా అందుతుంది. అన్నీ ఆ బీచ్ రోడ్డు మీదే ఉన్నాయి, ఒకదాన్నించి ఇంకోదానికి ఆటోలో కొద్ది నిమిషాలే.

పొద్దున విశాఖ మ్యూజియంతో మొదలుపెట్టండి. ఇది పాత డచ్ బంగళాలో ఉంది, నగరపాలక సంస్థ చూసుకుంటుంది. 1991లో తెరిచారు. ఉత్తరాంధ్ర జమీందారుల ఆయుధాలు, దుస్తులు, నాణేలు, పింగాణీ సామాను, చిత్తరువులు ఉంటాయి. ఇవి మీకు నచ్చినంతసేపు చూడండి, నచ్చకపోతే ముందుకి నడవండి. అక్కడున్న బాంబు దగ్గర మాత్రం తప్పకుండా ఆగండి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ విమానాలు విశాఖ మీద వేసిన బాంబు అది.

1942 ఏప్రిల్ 6. బంగాళాఖాతంలోకి వచ్చిన జపాన్ నౌకాదళంలో ర్యుజో అనే విమానవాహక నౌక ఉంది. దాని మీద నుంచి లేచిన విమానాలు ఆ రోజు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ హార్బర్ మొదలై అప్పటికి పదేళ్లు కూడా కాలేదు, 1933లో తెరిచారు. బాబూ రాజేంద్రప్రసాద్ సింధియా షిప్‌యార్డుకి శంకుస్థాపన చేసింది 1941 జూన్‌లో. అంటే ఓడల కార్ఖానా ఇంకా లేస్తుండగానే బాంబులు పడ్డాయి. నగరానికి రక్షణ అంతంతమాత్రం. జనం ఇళ్లకి తాళాలేసి, పిల్లల్ని చంకనేసుకుని లోపలి పల్లెలకి వెళ్లిపోయారు.

మా అమ్మమ్మ అప్పుడు చిన్నపిల్ల. కాకినాడలో ఆ రోజు పెద్దవాళ్లు పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి బండి కట్టించారని చెప్పేది. ఎవరు వేశారో, ఎందుకు వేశారో ఆ వయసులో ఆవిడకి తెలీదు. "పైనించి పిడుగులు పడ్డాయిరా" అనేది. విశాఖ మ్యూజియంలో ఆ బాంబు ముందు మొదటిసారి నిలబడ్డప్పుడు, అమ్మమ్మ మాటల్లో విన్న భయం ఇదిగో ఈ ఇనుప ముద్దలోంచి వచ్చిందా అనిపించి చాలాసేపు కదల్లేకపోయాను. మీ నాన్నగారి వైపు పెద్దలు కోస్తా వాళ్లయితే ఆయన్ని అడిగి చూడండి, ఏదో ఒక కథ వినే ఉంటారు. మీ బాబుకి అక్కడే చెప్పించండి.

తర్వాత బీచ్ ఒడ్డున 1996లో కట్టిన 'విక్టరీ ఎట్ సీ' స్మారకం. ఊళ్లోవాళ్లు వార్ మెమోరియల్ అనే అంటారు. టికెట్ల హడావిడి లేదు, ఎక్కువ సమయమూ పట్టదు. కానీ అక్కడ నిలబడి సముద్రం వైపు చూస్తూ 1971 డిసెంబర్ గురించి పిల్లాడికి చెప్పాలి. 1942లో దిక్కులేకుండా ఉన్న ఈ తీరమే 1968 నాటికి తూర్పు నౌకాదళ కమాండ్‌కి కేంద్రమైంది. మూడేళ్లు తిరిగేసరికి యుద్ధం వచ్చింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఇక్కడి దాకా వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. అది ఇక్కడే ఉందని శత్రువు నమ్మేలా ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే నౌకతో దొంగ సంకేతాలు పంపించారు. డిసెంబర్ 3 రాత్రి దాటి 4 తెల్లవారేలోపు ఘాజీ విశాఖ దగ్గరే మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్ల, అంటే నీళ్లలోకి విసిరితే లోతుకి వెళ్లి పేలే బాంబుల వల్ల మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. లోపల జరిగిన పేలుడు వల్లో, నీళ్లలో పెట్టిన మందుపాతర వల్లో అయుంటుందని పాకిస్తాన్ వైపు వాదన. అందులో ఉన్న తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. వాళ్లు శత్రువులే, మన నౌకని ముంచడానికి వచ్చినవాళ్లే. అయినా ఆ సంగతి పిల్లలకి చెప్పేటప్పుడు చప్పట్లు కొట్టించకూడదని నా అభిప్రాయం. కాసేపట్లో మీరే ఒక సబ్‌మెరైన్ లోపల నడుస్తారు. అంతమంది అలాంటి గొట్టంలో ఇరుక్కుని పోవడమంటే ఏమిటో అప్పుడు పిల్లాడికి దానంతటదే అర్థమవుతుంది.

ఇక కుర్సురా, మీరడిగిన బీచ్ రోడ్డు సబ్‌మెరైన్ పేరు ఇదే. కొందరు ఇదే ఘాజీని ముంచిందనుకుంటారు, కాదు. ఆ యుద్ధ సమయంలో కుర్సురా పడమటి వైపు, అరేబియా సముద్రంలో గస్తీలో ఉంది. 1969 డిసెంబర్‌లో సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నౌకాదళంలో చేరింది. 2001 ఫిబ్రవరిలో విరమణ పొందింది. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. నీళ్లలోంచి ఒడ్డుకి లాగి కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. పొడవు 91 మీటర్లు. బయటి నుంచి చూస్తే చాలా పెద్దది. లోపలికి వెళ్లాక ఇంత పెద్ద దాంట్లో మనిషికి మిగిలిన చోటు ఇంతేనా అనిపిస్తుంది.

లోపల ఏడు గదులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. టార్పెడోలంటే నీళ్లలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే ఆయుధాలు. వాటిని వదిలే గొట్టాలు ముందు గదిలో ఆరు, వెనక నాలుగు. మొత్తం 22 టార్పెడోలు మోసుకెళ్లేది. వాటి పక్కనే మనుషులు పడుకునేవాళ్లు. డెబ్బై అయిదు మంది, నెలల తరబడి. మంచాలు అందరికీ సరిపోవు, ఒకరు డ్యూటీకి లేస్తే ఆ చోటులో ఇంకొకరు ఒరుగుతారు. మధ్యలో కంట్రోల్ రూమ్, నీళ్ల కింద నుంచే పైకి చూసే గొట్టం పెరిస్కోప్. ఆ గదిలో గోడ కనపడదు, అంతా చక్రాలు, మీటర్లు, పైపులే. వంటగది మన ఇళ్లలో దేవుడి గదంత ఉంటుంది. అందులోంచే అంతమందికీ మూడు పూటలా భోజనం. తర్వాత డీజిల్ ఇంజన్లు, ఆపైన కరెంటు మోటార్లు. నీటి పైన ఉన్నప్పుడు డీజిల్ మీద నడుస్తూ బ్యాటరీలు చార్జి చేసుకుంటుంది, మునిగాక ఆ బ్యాటరీల మీదే నడుస్తుంది. డీజిల్ ఇంజనుకి గాలి కావాలి, నీళ్ల కింద గాలి లేదు. ఈ ఒక్క ముక్క మీ బాబుకి ముందే చెప్పి తీసుకెళ్తే లోపల కనిపించే ప్రతి వస్తువు అక్కడెందుకుందో వాడే చెప్పేస్తాడు.

అన్నిటికంటే ముఖ్యమైంది, అక్కడి గైడ్లు. చాలామంది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. క్యూ జరుగుతుంటుంది కాబట్టి వాళ్లు గడగడా నాలుగు మాటలు చెప్పి పంపిస్తుంటారు. మీరు అడిగితే మాత్రం ఆగి చెబుతారు. మా అబ్బాయి ఒకాయన్ని "అంకుల్, లోపల పగలో రాత్రో ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు. ఆయన మొహం వెలిగిపోయింది. రాత్రయితే ఎర్ర లైట్లు వేస్తారని, పెరిస్కోప్‌లోంచి చీకట్లోకి చూడాలంటే కళ్లు ముందే చీకటికి అలవాటుపడి ఉండాలని చెప్పారు. మంచినీళ్లు ఎంత పొదుపుగా వాడేవాళ్లో, స్నానం మాటే మర్చిపోయేవాళ్లమని, ఒడ్డుకి చేరాక ఒంటి మీది డీజిల్ వాసనకి ఇంట్లోవాళ్లు గుమ్మంలోనే ఆపేసేవాళ్లని చెప్పారు. ఇవేవీ బోర్డుల మీద రాసి ఉండవు. ఆ తరం వెళ్లిపోతే ఈ మాటలూ పోతాయి. అందుకే చుట్టూ జనం ఉన్నా మొహమాటపడకుండా అడగండి. సెలవు రోజు సాయంత్రం కాకుండా మామూలు రోజు తెరవగానే వెళ్తే వాళ్లకీ మాట్లాడే తీరిక ఉంటుంది.

నాన్నగారి సంగతి ముందే ఆలోచించుకోవాలి. ఎక్కడానికి, దిగడానికి మెట్లున్నాయి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి తలుపులోంచి నడుం వంచి, కాలు ఎత్తి దాటాలి. నడవ సన్నగా ఉంటుంది, వెనక జనం వస్తుంటే మధ్యలో తిరిగి రావడం కష్టం. మా మామగారికి మోకాళ్ల నొప్పులు. ఆయన బయట చుట్టూ నడిచి అడుగు భాగం, వెనకున్న ప్రొపెల్లర్లు తీరిగ్గా చూశారు, అదీ చిన్న విషయమేం కాదు. ఇరుకు గదుల్లో ఊపిరాడనట్టు టెన్షన్ పడేవాళ్లు కూడా లోపలికి వెళ్లకపోవడమే మంచిది. పెద్ద బ్యాగులు హోటల్లోనే వదిలేయండి.

కుర్సురా అయ్యాక రోడ్డు దాటితే టీయూ-142 విమానం. దీన్ని వదిలేసి వెళ్లిపోయేవాళ్లని చూస్తే నాకు బాధనిపిస్తుంది, ఎందుకంటే కుర్సురాకి ఇది రెండో సగం. సబ్‌మెరైన్ పని దాక్కోవడం, ఈ విమానం పని దాక్కున్నదాన్ని వెతికి పట్టుకోవడం. సముద్రం మీద గంటల తరబడి ఎగురుతూ సోనోబాయ్‌లనే పరికరాలు కిందికి జారవిడిచేది. అవి నీళ్లలో తేలుతూ లోపలి చప్పుడు విని పైకి పంపేవి. కుర్సురాలో ఎందుకంత నిశ్శబ్దంగా ఉండాల్సి వచ్చేదో ఇక్కడ తెలుస్తుంది. 1988 నుంచి 2017 దాకా మన నౌకాదళంలో ఎగిరింది, ఎక్కువ కాలం అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాళి నుంచే. మొత్తం ఎనిమిది ఉండేవి. ఇన్నేళ్లలో ఒక్క ప్రమాదం కూడా లేదు. విశాఖకి ఎగిరి వచ్చాక దీన్ని విడదీసి, రోడ్డు మీద బీచ్ దాకా తెచ్చి మళ్లీ బిగించారు. 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజనుకి ఒకదాని వెనక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు, రెండూ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. పక్కన హాల్లో ఇంజను, సోనోబాయ్‌లు దగ్గరగా చూడొచ్చు. మీ నాన్నగారికి కుర్సురా కంటే ఇదే హాయిగా ఉంటుంది.

సమయాల గురించి: కుర్సురాకి సోమవారం సెలవు, మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు. అందుకే పొద్దున విశాఖ మ్యూజియం, వార్ మెమోరియల్, భోజనం అయ్యాక కుర్సురా, సాయంత్రం విమానం అన్నాను. సమయాలు, టికెట్ ధరలు మారుతుంటాయి, ముందు రోజు ఒకసారి చూసుకోండి. డిసెంబర్ 4కి అటూ ఇటూ వస్తే, ఆ ఏడాది నేవీ డే విన్యాసాలు ఇక్కడ పెడుతున్నారేమో కనుక్కోండి, పెడితే రద్దీ ఉంటుంది. అవి చూడాలనుకుంటే సరే, మ్యూజియాలు ప్రశాంతంగా చూడాలంటే మాత్రం ఆ రోజులు వద్దు.

ఇంకో రోజు చేతిలో ఉంటే కారు మాట్లాడుకుని విజయనగరం వైపు వెళ్లండి. దారిలో పద్మనాభం ఉంది. ఈస్టిండియా కంపెనీకి కట్టాల్సిన పేష్కష్ (కప్పం) బకాయిల గొడవ ముదిరి, 1794 జులై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు తన మనుషులతో సహా కంపెనీ సైన్యం చేతిలో చనిపోయింది అక్కడే. ఇప్పుడు చాలామంది కొండ మీది అనంత పద్మనాభస్వామి దర్శనం చేసుకుని వచ్చేస్తారు, కింద జరిగిన యుద్ధం సంగతి తెలియకుండానే. అక్కణ్నించి విజయనగరం కోట, ఓపికుంటే బొబ్బిలి. 1757 యుద్ధం గురించి బుర్రకథల్లో విన్న నాన్నగారికి బొబ్బిలి యుద్ధ స్తంభం ముందు మీరు ఏమీ వివరించనక్కర్లేదు, ఆయనే మొదలుపెడతారు. బొబ్బిలి కూడా కలుపుకుంటే పొద్దున ఆరింటికల్లా బయల్దేరండి, లేదంటే తిరిగొచ్చేసరికి బాగా రాత్రవుతుంది.