న్యూట్రినోకు ‘క్షయం’ అంటే టీబీయా?

సందేహం: ప్రతి కణానికీ ఒక జోడీకణం ఉంటుందనే అతిసౌష్టవ (సూపర్‌సిమెట్రీ) సిద్ధాంతాల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో న్యూట్రినో అనే అతి తేలికైన కణం ‘డికే’ను (అంటే అది పోయి వేరే కణాలు పుట్టడాన్ని) ‘న్యూట్రినో క్షయం’ అని రాస్తే, దానికి కూడా టీబీ వచ్చిందా అని ఇంట్లో నవ్వారు. ‘విఘటనం’ అంటే బాగుంటుందా?

సమాధానం: నవ్వితే నవ్వనివ్వండి. రోగం ‘క్షయ’, ఇది ‘క్షయం’. రెండూ తరిగిపోవడం అనే అర్థమున్న ‘క్షి’ ధాతువు నుంచే వచ్చాయి. చంద్రుడి వృద్ధిక్షయాలు, పంచాంగంలో తిథిక్షయం విన్నప్పుడు ఎవరికీ దగ్గు గుర్తురాదు. అయితే ఈ మాటంటే మనవాళ్లకు ఎప్పటినుంచో కాస్త జంకే. అరవయ్యో సంవత్సరం ‘క్షయ’ను మన పంచాంగాలు ‘అక్షయ’గా మార్చేశాయి!

‘విఘటనం’ పాఠ్యపుస్తకాల్లో కనిపించేదే. నాకు మాత్రం ఇక్కడ నచ్చదు. ఘటనం అంటే కూర్పు, విఘటనం అంటే ఆ కూర్పు ఊడిపోవడం. వినగానే, లోపల ఉన్న ముక్కలే బయటపడ్డాయనిపిస్తుంది. కేంద్రకం బయట ఒంటరిగా ఉన్న న్యూట్రాన్‌నే చూడండి. సగటున పావుగంట లోపే అది పోయి ప్రోటాన్, ఎలక్ట్రాన్, ప్రతిన్యూట్రినో వస్తాయి. ఆ ఎలక్ట్రాన్ ముందే లోపల దాక్కుని లేదు, అప్పుడే పుట్టింది. ఇక న్యూట్రినో మనకు తెలిసినంతలో మూలకణం, ఊడిపోవడానికి అందులో ముక్కలే లేవు. ‘క్షయం’ అంటే ఆ చిక్కు లేదు. తరిగేది కణం కాదు, కణాల లెక్క. అర్ధాయువు (ఉన్న కణాల్లో సగం పోవడానికి పట్టే కాలం) అనే మాట కూడా ఆ లెక్క మీదే నిలబడింది.

అందుకని ‘బరువైన న్యూట్రినో క్షయమై తేలికైన న్యూట్రినో, ఫోటాన్ (కాంతికణం) పుడతాయి’ అని రాయండి. ‘క్షీణించి’ అనకండి. ఆరోగ్యం క్షీణిస్తుంది, రోజురోజుకీ. కణానికి ముసలితనం లేదు, ఉన్నంతసేపూ నిక్షేపంలా ఉండి ఒక్కసారిగా మాయమవుతుంది. జపాన్‌లో సూపర్ కామియోకాండే ప్రయోగం 1998లో చూపించిన మార్పు కూడా క్షయం కాదు, అది డోలనం. అక్కడ న్యూట్రినో రకం మారుతుంది తప్ప లెక్క తగ్గదు.

మీ వ్యాసంలో అసలు జాగ్రత్తపడాల్సింది ‘న్యూట్రాలినో’ దగ్గర. అది అచ్చుతప్పు కాదు, సూపర్‌సిమెట్రీ ఊహించిన వేరే కణం. ఇప్పటిదాకా ప్రయోగాల్లో దొరకలేదు. ఆర్-పారిటీ అనే నియమం చెల్లదనుకునే సిద్ధాంతాల్లో న్యూట్రినో, న్యూట్రాలినో కలగలిసి న్యూట్రినోకు ద్రవ్యరాశి వస్తుంది. అక్కడ న్యూట్రాలినో క్షయమూ ఉంటుంది, న్యూట్రినో క్షయమూ ఉంటుంది. ఒక్క అక్షరం జారితే భౌతికశాస్త్రమే మారిపోతుంది.

రెంటి చివరా ఉన్న ‘ఇనో’ ఒక్క పని చెయ్యదు. 1930లో భౌతికశాస్త్రవేత్త పౌలీ తాను ఊహించిన కణాన్ని న్యూట్రాన్ అన్నాడు. 1932లో చాడ్విక్ కనిపెట్టిన బరువైన కణానికి ఆ పేరు పోయింది. పౌలీ ఊహించిన చిన్నదానికి ఇటలీలో భౌతికశాస్త్రవేత్త ఫెర్మీ బృందం ‘న్యూట్రినో’ అని ముద్దుపేరు పెట్టింది. మనం పిల్లకాలువ అన్నట్టే, పిల్ల న్యూట్రాన్ అన్నమాట. సూపర్‌సిమెట్రీలో మాత్రం ఫోటాన్‌కు ఫోటినో, గ్లుయాన్‌కు (క్వార్కులను అతికించి ఉంచే కణానికి) గ్లుయినో అంటూ ‘ఇనో’ జోడీకణానికి గుర్తయింది. మరి న్యూట్రినోకే జోడీ కావాలంటే? ముందు ‘స’కారం తగిలించి ‘స్న్యూట్రినో’ అన్నారు. పలకడం కష్టమే, అయినా అలాగే ఉంచండి.

అన్నట్టు, మీరు ‘సౌష్టవం’ అని రాశారు. ‘సుష్ఠు’ నుంచి వచ్చిన మాట కాబట్టి ఠ వత్తుతో ‘సౌష్ఠవం’ అనాలి.