అంబాసిడర్ బ్రేకులు, వైరింగు: అల్లునికి ఒక ఉత్తరం

చిరంజీవి అల్లునికి మిర్యాలగూడ నుండి మీ మేనమామ ఆశీస్సులు.

పదేళ్లుగా కొట్టంలో పడి ఉన్న మీ నాయన అంబాసిడర్‌ను బయటికి తీశావనీ, ఇంజను స్టార్టయిందనీ, దసరాలోపు దానిలోనే శ్రీశైలం పోవాలనుకుంటున్నావనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. బండి కదులుతుందా అన్న దిగులు నాకు లేదు. దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగే ఆ మలుపుల్లో అది ఆగుతుందా అన్నదే నా ఆలోచన. నలభై ఏళ్లు ఈ బండ్ల కింద పడుకున్నవాడిగా ముందు ఒక్క మాట చెప్తాను: బ్రేకులలో పాత రబ్బరు ఒక్కటి కూడా మిగల్చకు, వైరింగును మాత్రం ఒక్కసారిగా పీకివేయకు.

మీ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, కాలి బలాన్ని పెంచే బూస్టరు లేదు, పెడల్ తొక్కితే బ్రేకు ఆయిలును చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండరులో ఉన్నది ఒకే గది. అందువల్ల ఏ మూల ఆయిలు కారినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి, చేతి బ్రేకు ఒక్కటే దిక్కవుతుంది. చక్రం దగ్గర ఆ ఆయిలు వత్తిడితో బ్రేకును డ్రమ్ముకు ఒత్తే వీల్ సిలిండరు ఒకటి కారుతున్నదని దానికొక్కదానికే రబ్బరు కిట్టు వేస్తే, వత్తిడి బలపడగానే దాని పక్కది కారడం మొదలుపెడుతుంది. కనుక మాస్టర్ సిలిండరు, అన్ని వీల్ సిలిండర్లు, హోసు పైపులు ఒకే విడతలో విప్పు. సిలిండరు లోపలి గోడ మీద గోరు తగిలేంత గుంట ఉంటే అది పనికిరాదు, కొత్తది కొను. ఉత్తరపారాలో ఈ బండి తయారీ 2014లో ఆగిపోయినా ఈ సామాను ఇంకా దొరుకుతుంది. డ్రమ్ము తీసినప్పుడు దుమ్మును గాలి కొట్టి ఊదకు. డ్రమ్ముకు రాసుకునే పాత లైనింగులలో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్బెస్టాస్ ఉంటుంది, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారవేయి. వెనుక ఇరుసు సీలు కారి లైనింగు ఆయిలు తాగి ఉంటే, దాన్ని పెట్రోలుతో కడిగి ఎండబెట్టే ప్రయత్నాలు వద్దు. సీలు మార్చి, కుడి ఎడమలు రెండింటికీ కొత్త లైనింగు వేయించు, లేకపోతే బ్రేకు తొక్కినప్పుడల్లా బండి ఒక పక్కకు గుంజుతుంది.

రబ్బరును కిరోసిన్‌తో గానీ ఇంజను ఆయిలుతో గానీ ముట్టుకోనివ్వకు. ఒకసారి దేవరకొండ దారిలో ఒక షెడ్డులో నా బండి మాస్టర్ సిలిండరు లోపలి రబ్బరు కప్పులను నేను చాయ్ తాగి వచ్చేలోపు కిరోసిన్‌లో కడిగి వేశారు. ఇరవై కిలోమీటర్లు పోయేసరికి కప్పు ఉబ్బి, ఆయిలు డబ్బాలోకి తిరిగిపోయే సన్నని రంధ్రాన్ని మూసివేసింది. కాలు తీసినా బ్రేకు వదలలేదు, డ్రమ్ములు పొగలు కక్కాయి. పెడల్‌కు పైన కొద్దిపాటి ఖాళీ ఆట లేకపోయినా ఆ రంధ్రం అలాగే మూసుకుపోతుంది కనుక, బిగించేటప్పుడు ఆ ఆటను చేతితో నొక్కి చూడు.

బ్రేకు ఆయిలు డాట్ 3 రకం గానీ డాట్ 4 రకం గానీ సీలు తీయని డబ్బాది పోయి. ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి, తేమ పట్టిన తరువాత ఆ హద్దు 140కి దిగుతుంది. ఘాట్ రోడ్డులో డ్రమ్ములు కాగినప్పుడు ఆయిలు మరిగి బుడగలు లేస్తే పెడల్ నేలకు తగులుతుంది. పైపుల్లో చిక్కిన గాలి తీయడం మాస్టర్ సిలిండరుకు అన్నిటికంటే దూరమైన ఎడమ వెనుక చక్రంతో మొదలుపెట్టు. చివరగా పెడల్‌ను గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టు. మెల్లగా కిందికి జారితే మాస్టర్ సిలిండరును మళ్లీ విప్పవలసిందే.

ఇక వైరింగు సంగతి. ముందు బ్యాటరీ వైరు విప్పు. ఈ బండ్లది ఇంగ్లండు లూకాస్ కంపెనీ రంగుల పద్ధతి: గోధుమరంగు బ్యాటరీ నుండి నేరుగా వచ్చేది, తెలుపు ఇగ్నిషన్‌ది, ఆకుపచ్చ ఫ్యూజు దాటినది, నీలం హెడ్‌లైట్లది, ఎరుపు పార్కింగు లైట్లది, నలుపు ఎర్తు. ఒక వైరు తీసి, అదే రంగుది, అంతకంటే సన్నం కానిది వేసి, వెలిగించి చూసి, ఆ తరువాతే రెండవదానికి పో. అన్నీ ఒకేరోజు పీకి, ఎర్ర వైరు చుట్ట ఒక్కటి తెచ్చి బండంతా పరిచినవాళ్లు తమ పనిని తామే వెతుక్కోలేక నా దగ్గరికి వచ్చారు.

లైట్లు మసకబారితే బల్బును తిట్టకముందు ఎర్తు చూడు. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే పట్టీ వదులైతే స్టార్టరు కరెంటు చోక్ కేబుల్ గుండా పోయి దాన్ని కాల్చివేస్తుంది. పాత లూకాస్ ఫ్యూజు మీద 35 అని ఉంటే అది తెగిపోయే అంకె, నిలకడగా మోసేది దాదాపు అందులో సగమే. నేటి 35 ఆంపియర్ల ఫ్యూజు వేస్తే వైరు కాలినా అది తెగదు. 60 వాట్ల హెడ్‌లైట్లు రెండూ వెలిగితే 10 ఆంపియర్లు పాత స్విచ్చు గుండా పోతాయి కనుక ఆ కరెంటును స్విచ్చుకు బదులు తానే మోసే రిలే పెట్టించు. దాచిపెడితే అందంగానే ఉంటుంది. ఇన్సులేషన్ టేపు జిగురు మన నల్లగొండ ఎండలకు కరిగి కారుతుంది, అతుకులన్నీ లోహపు గొట్టంలో పెట్టి నొక్కి క్రింపు చేయించు.

బ్రేకు లైటు స్విచ్చు బ్రేకు పైపులోని వత్తిడితోనే పని చేస్తుంది, కనుక గాలి తీశాక దాన్ని చూడు. మెల్లగా తొక్కినా లైటు వెలగాలి. గట్టిగా తొక్కితేనే వెలిగితే స్విచ్చు మార్చు, నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రహదారి ఎక్కినప్పుడు వెనుక లారీవానికి నీవు ఆగుతున్నట్టు తెలియాలి కదా.

మొదటి వారం ఊరి చుట్టే తిప్పి, రోజూ సాయంత్రం ఒక్కొక్క డ్రమ్మును చేత్తో తాకి చూడు, నాలుగింటిలో ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే దాని అడ్జస్టరును కొద్దిగా వదులు చేయి. వచ్చే ఆదివారం నేను నల్లగొండ వస్తాను. అంతవరకు కొట్టం తాళంచెవి అక్కయ్య దగ్గరే ఉంచు, శ్రీశైలం సంగతి బండి కింద నేను ఒకసారి పడుకొని లేచాక మాట్లాడుకుందాం.

మీ మామ