తపస్సుకాలం శుక్రవారాల్లో ఇంటిల్లిపాదికీ ఒకే వంట ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: తపస్సుకాలం, అంటే ఈస్టర్‌కి ముందు కేథలిక్కులు పాటించే నలభై రోజులు. ఇంట్లో ఆరుగురు. ఇద్దరు ఉపవాసం ఉంటారు, అత్తగారికి షుగర్, పిల్లలకి పప్పంటే మొహం మొత్తింది. శుక్రవారం గుళ్లో సిలువమార్గం ప్రార్థన ముగించుకుని ఇల్లు చేరేసరికి ఏడున్నర. ఎవరికి వాళ్లకి విడిగా వండకుండా ఎలా గడపాలి?

ముందు నియమం సంగతి. మన ఇళ్లలో ఉపవాసాన్ని, నీసు మానడాన్ని కలిపేస్తుంటారు. శ్రీసభ (కేథలిక్ సంఘం) చట్టం ప్రకారం ఉపవాసం తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్‌ఫ్రైడే), ఈ రెండు రోజులే. అది 18 నిండినవాళ్ల నుంచి 59 నిండేవరకు. ఒక పూట కడుపునిండా తినొచ్చు, మిగతా రెండు పూటలా కొద్దిగా. మాంసం మానడం 14 నిండిన అందరికీ, శుక్రవారాలు కూడా. చేపలు, గుడ్లు, పాలు నిషేధం కాదు. నలభై రోజులూ గుడ్డు కూడా ముట్టని ఇళ్లున్నాయి. అది వాళ్ల మొక్కు, చట్టం కాదు. మార్చి 19న వచ్చే యోసేపు గారి మహోత్సవం శుక్రవారం పడితే ఆ రోజు మాంసం మానే నియమం వర్తించదు. 2027లో అలాగే పడుతోంది. మీ మేత్రాసనంలో (బిషప్ గారి పరిధిలో) వేరే సూచనలు ఉన్నాయేమో విచారణ గురువుల్ని, అంటే మీ చర్చి ఫాదర్ గారిని ఒకమాట అడగండి.

ఇక వంట. రాత్రి ఏడున్నరకి పొయ్యి మీద అన్నం ఒక్కటే పడాలి, కూర పొద్దున్నే అయిపోవాలి. మార్చి ఎండలకి పొద్దున వండిన పప్పు బయటే పెడితే సాయంత్రానికి పులిసిపోతుంది. కొబ్బరి వేసిన కూర అయితే ఇంకా ముందే. చింతపండు పులుసులు నిలుస్తాయి, పైగా రాత్రికి రుచి పెరుగుతుంది. అందుకే శుక్రవారానికి పులుసే నా మొదటి ఓటు. ఆరుగురికి ఆరు గుడ్లు, రెండు పెద్ద ఉల్లిపాయలు, రెండు మునక్కాయలు, పెద్ద నిమ్మకాయంత చింతపండు చాలు. గుడ్లు నీళ్లు మరిగాక పది నిమిషాలు ఉడికించి వెంటనే చన్నీళ్లలో వేయండి. ఎక్కువసేపు ఉడికితే సొన చుట్టూ ఆకుపచ్చ గీత వస్తుంది. నూనెలో వేయించే ముందు చాకుతో నాలుగు గాట్లు పెట్టండి, లేకపోతే టప్పున పేలి నూనె మీద పడుతుంది. మునక్కాయల్ని విడిగా సగం ఉడికించాకే పులుసు పోయాలి. పులుపు ముందే తగిలితే ముక్క గట్టిపడిపోతుంది.

మామిడికాయ పప్పులోనూ జరిగేది ఇదే. మార్చి నుంచి పుల్లకాయలు వస్తాయి కదా, చాలామంది కందిపప్పుతో పాటు ముక్కలూ కుక్కర్లో వేసేసి, ఆరు విజిళ్లయినా పప్పు మెదగలేదని కొట్టువాణ్ణి తిడతారు. ఒక గ్లాసు పప్పు (200 గ్రాములు) అరగంట నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, చెంచాడు నూనె వేసి నాలుగు విజిళ్లు రానివ్వండి. మామిడి ముక్కలు, పచ్చిమిర్చి వేరే గిన్నెలో ఉడికించి, మెదిపిన పప్పులో కలపండి. పిల్లలకి విసుగు పుట్టేది పప్పు మీద కాదు, వారం వారం అదే తాలింపు మీద. ఒక వారం వెల్లుల్లి చితక్కొట్టి వేయండి, ఇంకో వారం ఇంగువ, ఎండుమిర్చి. పక్కన వడియాలో అప్పడాలో ఉంటే పేచీ ఉండదు.

ఈ కాలానికి అన్నిటికన్నా తగిన కూర చింతచిగురు ఎండురొయ్యలు. ఆరుగురికి ఎండురొయ్యలు 75 గ్రాములు, చిగురు పావుకిలో. రొయ్యల్ని నూనె లేకుండా సన్నసెగ మీద మూడు నాలుగు నిమిషాలు వేయించండి. పచ్చివాసన పోయి, వేలితో నొక్కితే పెళుసుగా విరగాలి. చల్లారాక పాతగుడ్డలో వేసి నలిపితే తలలు, కాళ్లు, మీసాలు పొడిగా రాలిపోతాయి. తర్వాత గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచి, చేత్తో పైకి తీయాలి. నీళ్లు వంచేస్తే అడుగున చేరిన ఇసుక మళ్లీ రొయ్యల్లోకే వస్తుంది. ఇలా కనీసం మూడుసార్లు. నోట్లో కరకరలాడితే ఇక్కడ తొందరపడినట్టే. చిగురు కడిగి, ఆరబెట్టి, అరచేతుల మధ్య నలిపి ఈనెలు ఏరేయండి. ఆకు ముదిరితే పీచు, పులుపు రెండూ ఎక్కువ. నూనెలో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి మగ్గాక రొయ్యలు, కారం, అరగ్లాసు నీళ్లు వేసి ఎనిమిది నిమిషాలు ఉడికించి, చివర్న చిగురు. మరో అయిదు నిమిషాలకి దించేయొచ్చు. ఉప్పు మాత్రం చిగురు వేశాక రుచి చూసే వేయండి, రొయ్యల్లో ఉప్పు ముందే ఉంటుంది.

చేపలు తినొచ్చు కదా అని కిలో కొరమీను తెచ్చి వేపుడు, పులుసు రెండూ చేయడం నాకు నచ్చదు. మటన్ కన్నా దానికే ఖర్చెక్కువైతే ఇంక మానిందేమిటి? ఆ డబ్బు తేడా గుళ్లో దానాల పెట్టెలో వేయండి.

ఉపవాసం ఉన్న ఇద్దరికీ పొద్దున రాగి జావ. మూడు చెంచాల పిండిని అరగ్లాసు చన్నీళ్లలో కలిపాకే మరిగే నీళ్లలో పోయాలి, నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. రెండున్నర గ్లాసుల నీళ్లలో ఆరు నిమిషాలు కలుపుతూ కాచి, పూర్తిగా చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిముక్కలు వేయండి. వేడి మీద మజ్జిగ పోస్తే విరిగిపోతుంది. పవిత్ర శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే ఆరాధన ముగించుకుని వచ్చాక కేరళ వాళ్ల పద్ధతి బాగుంటుంది: గంజన్నం, పెసల కూర. ఒక గ్లాసు బియ్యానికి ఎనిమిది గ్లాసుల నీళ్లు. పెసలు ముందురోజు రాత్రే నానబెట్టాలి. ఖాళీ కడుపు మీద వేపుళ్లకన్నా ఇది హాయి.

అత్తగారిని మాత్రం ఉపవాసం పెట్టనివ్వకండి. జబ్బుగా ఉన్నవాళ్లకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి ఆ బాధ్యత లేదు. బిళ్లలో ఇన్సులినో తీసుకుని పూట ఎగ్గొడితే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. బిళ్ల వేళలు మార్చాలంటే డాక్టర్ని అడిగే మార్చాలి. రాగి జావ షుగర్‌కి మంచిదని ఇస్తుంటారు గానీ, మెత్తటి పిండితో కాచింది త్వరగా అరిగి షుగర్‌ని గబుక్కున పెంచుతుంది. ఆవిడకి అందరితో పాటు ఆ కూరే ఎక్కువగా పెట్టి, అన్నం తగ్గించండి, లేదా ఒక జొన్నరొట్టె.

ఇంకోటి, గురువారం రాత్రి కోడికూర వండకండి. మిగిలింది శుక్రవారం ఫ్రిజ్‌లో కనిపిస్తుంది, పారేయలేక ఎవరో ఒకరు తినేస్తారు. కొట్లో దొరికే చికెన్ మసాలా పొడుల్లో మామూలుగా దినుసులే ఉంటాయి, ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసుకుని వాడేయొచ్చు. చికెన్ సూప్ ప్యాకెట్లలో మాత్రం నిజంగానే కోడి ఉంటుంది.